ఏకవర్ణ గ్రాఫిక్స్ కార్డులు, తొలినాటి బేసిక్ భాషలో ప్రదర్శన పుటలు

ప్రదర్శన పుట యనగా తెరనిండ ఒక్కమారు కనబడుటకు వలసిన అక్షరములను గాని బిందువులను గాని నిలుపుకొనుటకు చాలినంత మెమరీ భాగము. వీడియో కార్డుపై నట్టి భాగములు ఒకటికి మించి యున్నయెడల, వానిలో నొకటి చూపరుల కన్నులయెదుట నిలిచియుండగా, ప్రోగ్రాము మరియొకదానిలో తన వ్రాతను గాని చిత్రమును గాని గుట్టుగా సిద్ధపరచుకొని, పని ముగిసిన క్షణముననే రెంటిని తారుమారు చేయగలదు. సురభివారి నాటకములలో ముందుతెర యెదుట హాస్యఘట్టము నడచుచుండగా తెరవెనుక రాజసభ నమర్చుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరుతో 1981లో వెలువడిన బేసిక్ భాష ఈ యేర్పాటు నంతటిని ‘స్క్రీన్’ అను నొక్క ఆజ్ఞలో నిమిడ్చినది. ఆ యాజ్ఞ ననుసరించు నాలుగంకెలలో మొదటిది తెర విధమును, రెండవది రంగుల స్థితిని, మూడవది ప్రోగ్రాము వ్రాయుచున్న క్రియాశీల పుటను, నాలుగవది తెరపై కనబడు దృశ్య పుటను నిర్ణయించును. ఆజ్ఞ యొక్కటియే యైనను ఫలము మాత్రము యంత్రములో నమర్చిన కార్డును బట్టి మారెడిది. ఏకవర్ణ కార్డుల చరిత్రను పరిశీలించినవారికి, పుటలెన్ని యను ప్రశ్నకు సమాధానము బేసిక్ భాషలో గాక మెమరీ చిరునామాల పంపకములో నున్నదని తేటపడును.

1981 ఆగస్టులో ఐ.బి.యం. తన యంత్రముతోపాటు రెండు వీడియో కార్డులను విపణిలోనికి దెచ్చెను. అందు ఎం.డి.ఏ. అను ఏకవర్ణ కార్డు వ్యాపారస్థుల వ్రాతకోతలకు, సి.జి.ఏ. అను వర్ణచిత్ర కార్డు ఆటలకును పటములకును ఉద్దేశింపబడినవి. ఎం.డి.ఏ.పై గల మెమరీ 4 కిలోబైట్లు మాత్రమే. 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు గల తెరకు ప్రతి యక్షరమునకు ఒక బైటును, దాని రూపభేదమునకు (అడుగుగీత, మెరుపు, మినుకు, తారుమారు వెలుగు) మరియొక బైటును చొప్పున 4000 బైట్లు వలసియుండుటచే, ఆ 4 కిలోబైట్లలో ఒక్క పుటకు మించి యిముడుటకు చోటులేదు. సి.జి.ఏ.కు 16 కిలోబైట్లు కలవు. కావున 80 అక్షరముల వెడల్పులో నాలుగు పుటలు (0 నుండి 3 వరకు), 40 అక్షరముల వెడల్పులో ఎనిమిది పుటలు (0 నుండి 7 వరకు) అందు నిలువగలిగినవి. అయితే సి.జి.ఏ. చిత్రవిధములలో ఒక్క చిత్రమే 16000 బైట్లను మ్రింగివేయుటవలన, రంగుల కార్డు కొన్నవానికి సైతము చిత్రములకు రెండవ పుట దక్కలేదు. వ్రాతపుటలను మార్చుకొనువానికి ఐ.బి.యం. కరదీపిక యొక హెచ్చరికను జేసియుండెను: పుట లెన్నియున్నను కర్సరు ఒక్కటియే గనుక, పుట మార్చుటకు ముందు దాని స్థానమును ‘పాస్’, ‘సి.ఎస్.ఆర్.లిన్’ అను ప్రమేయములతో భద్రపరచుకొని, తిరిగి వచ్చినపుడు యథాస్థానమున నుంచుకొనవలెను.

ఎం.డి.ఏ. గల యంత్రముపై ‘స్క్రీన్ 1’ అని చిత్రవిధమును గోరినవానికి ‘ఇల్లీగల్ ఫంక్షన్ కాల్’ అను తిరస్కారమే లభించెడిది. గీత గీయు ‘లైన్’, వలయము గీయు ‘సర్కిల్’ ఆజ్ఞలకును అదియే గతి. చిత్రముల మాట యటుండగా, వ్రాతలో నైనను రెండవ పుట కావలెనని కోరు ప్రోగ్రామరులు కొరతను మరియొక త్రోవన పూరించుకొనిరి. ఏకవర్ణ కార్డు మెమరీ హెక్సాంకములలో బి000 అను ఖండమున (అనగా దశాంకములలో 45056) మొదలగును. ‘డెఫ్ సెగ్’ ఆజ్ఞతో ఆ ఖండమును చూపి, ‘బి-సేవ్’ ఆజ్ఞతో మొదటి 4000 బైట్లను ఫైలుగా దాచినయెడల తెర యంతయు నున్నదున్నట్లు డిస్కుపై కెక్కును. ‘బి-లోడ్’ ఆజ్ఞతో దానినే మరల దింపినయెడల కనురెప్పపాటున తెరపై ప్రత్యక్షమగును. సహాయపు తెరలను, పట్టికలను ముందుగానే తయారుచేసి యిట్లు నిలువజేసికొనుట ఆ కాలపు వ్యాపార ప్రోగ్రాములలో మిక్కిలి ప్రచారము నొందినది. ‘పీక్’, ‘పోక్’లతో ఒక్కొక్క బైటును చేతితో మోసికొనిపోవు పద్ధతియు కలదు గాని, 4.77 మెగాహెర్ట్‌జ్ వేగముతో నడచు యంత్రముపై, ప్రతి వాక్యమును చదివి యర్థము చేసికొనుచు నడచు బేసిక్‌లో, ఆ మోత చూపరులకు విసుగు పుట్టించునంత మందముగా సాగెడిది.

ఇచ్చట ఐ.బి.యం. చేసిన యొక యేర్పాటును విశదముగా చెప్పక తప్పదు, ఏలయన తరువాతి కథ యంతయు దానిపైననే యాధారపడియున్నది. ఏకవర్ణ కార్డును బి000 ఖండమునందును, వర్ణ కార్డును బి800 ఖండమునందును నిలుపుటయు, రెంటి నియంత్రణ ద్వారములకును వేర్వేరు సంఖ్యల నొసగుటయు జరుగుటచే, ఒకే యంత్రములో రెండు కార్డులును రెండు మానిటర్లును పొరపొచ్చెము లేక కాపురము చేయగలవు. బేసిక్ వాడువాడు 0 ఖండములోని 410 (హెక్స్) చిరునామాయందలి రెండు బిట్లను ‘పోక్’తో మార్చి, వెంటనే ‘స్క్రీన్’, ‘విడ్త్’ ఆజ్ఞల నొసగి, తన వ్రాతను ఒక మానిటరునుండి మరియొకదానికి మరల్చుకొనగలిగెడివాడు. ఈ చిట్కాను ఐ.బి.యం. వారి బేసిక్ కరదీపికయే బోధించినది. రెండవ పుటకు బదులు రెండవ తెరయే దొరకుటచే, ఒకదానిపై ప్రోగ్రాము నడచుచుండగా వేరొకదానిపై దోషపరిశోధన జేసికొనువారికిది పెన్నిధి యయ్యెను.

ఏకవర్ణ తెరపై చిత్రములు గీయవలెనను కోరిక నెరవేర్చినది హెర్క్యులిస్ కార్డు. కాలిఫోర్నియాలో హెర్క్యులిస్ సంస్థను స్థాపించినవారిలో నొకరైన వాన్ సువన్నుకుల్, తన డాక్టరేటు పరిశోధన గ్రంథమును థాయి లిపిలో సిద్ధపరచుకొనగోరి, ఎం.డి.ఏ. యొక్క మారని అక్షరసంచయములో ఆ లిపి లేకపోవుటయు, సి.జి.ఏ. యొక్క చిత్రసూక్ష్మత దానికి చాలకపోవుటయు చూచి, 1982లో ఈ కార్డును రూపొందించెనని ప్రసిద్ధి. ఎం.డి.ఏ. వాడు ఆకుపచ్చ మానిటరునే ఇదియు వాడుకొనును. వ్రాతవిధములో దానివలెనే వర్తించును. చిత్రవిధములో మాత్రము అడ్డముగా 720, నిలువుగా 348 బిందువులను వెలిగించును. నాటి వెల 499 డాలర్లు. లోటస్ 1-2-3 వంటి గణనపత్ర ప్రోగ్రాములు దీనిపై పటములను చూపజొచ్చినపిమ్మట కార్యాలయములలో దీని వ్యాప్తికి అడ్డులేకపోయెను. అచిరకాలములోనే లెక్కకు మించిన సంస్థలు దీని ననుకరించి చవుక కార్డులను తయారుచేసెను.

హెర్క్యులిస్ కార్డుపై 64 కిలోబైట్ల మెమరీ కలదు. ఒక చిత్రమునకు 31320 బైట్లు చాలును గనుక, 32 కిలోబైట్ల పుటలు రెండు అందిముడును: మొదటిది బి000 ఖండమున, రెండవది బి800 ఖండమున. రెండవ పుట యున్న చోటు సరిగా సి.జి.ఏ. కార్డు ఆక్రమించు చోటే యని పాఠకులు గుర్తింతురు గాక. హెర్క్యులిస్ రూపకర్తలు దీనికి తగిన జాగ్రత్త తీసికొనిరి. 959వ సంఖ్య గల ద్వారమున రెండు బిట్లు కాపలా యుండును. యంత్రము మేల్కొన్నపుడు రెండును సున్నలే యగుటచే కార్డు ఎం.డి.ఏ. వలె మాత్రమే మెలగును. మొదటి బిట్టు నెత్తినయెడల చిత్రవిధమునకును మొదటి పుటకును అనుమతి లభించును. రెండవ దానిని గూడ నెత్తినయెడల రెండవ పుట తెరచుకొనును. ‘హాఫ్’, ‘ఫుల్’ అను పేర్లతో ప్రసిద్ధములైన స్థితులివియే. పక్కనే వర్ణ కార్డు కాపురముండగా ‘ఫుల్’ స్థితిని గోరుట పొరుగువాని యింటిలో జొరబడుటయే యగును. అట్టి యంత్రములో ఒక్క పుటతోనే తృప్తిపడవలెను.

పుటలోపలి యమరిక కొంత చిత్రమైనది. తెరను నడపు 6845 అను చిప్ అక్షరముల వరుసల నెంచుటకు పుట్టినదే గాని బిందువుల గీతల నెంచుటకు గాదు. దాని వరుసల సంఖ్య 127ను దాటజాలదు. అందుచే నాలుగేసి గీతలు ఒక వరుసగా, 87 వరుసలుగా తెరను విభజించిరి. నాలుగు ఎనుబదియేడులు 348, ఎం.డి.ఏ. తెరకుగల 350 గీతలు నాలుగింట భాగింపబడవు గనుక హెర్క్యులిస్‌కు రెండు గీతలు తక్కువయైనవి. ప్రతి పుటయు 8 కిలోబైట్ల చొప్పున నాలుగు అరలుగా చీలి, 0, 4, 8 వంటి గీతలు మొదటి యరలోను, 1, 5, 9 వంటివి రెండవ యరలోను, ఆ క్రమముననే తక్కినవి మిగిలిన యరలలోను చేరును. గీతకు 90 బైట్లు. కావున బిందువున్న బైటును కనుగొనుటకు గీతసంఖ్యను నాలుగింట భాగింపగా వచ్చిన శేషమును 8192తోను, లబ్ధమును 90తోను గుణించి, అడ్డపు సంఖ్యలో ఎనిమిదవ వంతును కలుపవలెను. ఒక పుటలో నెంత దూరముపోయినను ఈ మొత్తము 32405ను మించదు. బేసిక్‌లోని పూర్ణాంక చలరాశి 32767 వరకు మోయగలుగుటచే, లెక్క యంతయు వేగముగల పూర్ణాంకములతోనే సాగింపవచ్చును. రెండవ పుట కొరకు ‘డెఫ్ సెగ్’ విలువను 45056నుండి 47104కు మార్చిన చాలును. ఈ సౌకర్యము ఎవరి దూరదృష్టియు గాక యాదృచ్ఛికమే కావచ్చును గాని, బేసిక్ వ్రాయువానికి మాత్రము వరమైనది.

వరమని యనుటకు కారణమున్నది. హెర్క్యులిస్ కార్డును ఐ.బి.యం. యంత్రపు బయాస్ (యంత్రములోనే నిలిపియుంచిన మూల ప్రోగ్రాము) ఎరుగదు. బయాస్ నాశ్రయించిన ఐ.బి.యం. బేసిక్ భాషయు నెరుగదు. ‘స్క్రీన్’ ఆజ్ఞ నెన్ని విధముల నొసగినను చిత్రవిధము రాదు గనుక, పట్టుదలగల ప్రోగ్రామరు ‘ఔట్’ ఆజ్ఞలతో 6845లోని రిజిస్టరులను తానే నింపుకొని, 959వ ద్వారమునకు 3ను, 952వ ద్వారమునకు 10ని పంపి, కార్డును చిత్రవిధములోనికి దింపెడివాడు. 952వ ద్వారమునకు 10 బదులు 138ని పంపినయెడల రెండవ పుట కనబడును. రెంటికిని భేదము 128, అనగా కొనయందలి యొక్క బిట్టే. పుట మార్చుట కింతకుమించిన సులభోపాయము వేరొండులేదు. అయితే ఆ ద్వారము వ్రాతకే గాని చదువుటకు వీలుగానిది. ప్రస్తుతము కనబడుచున్న పుట యేదియో ప్రోగ్రామే జ్ఞప్తియందుంచుకొనవలెను. రిజిస్టరుల అంకెలలో పొరపాటు దొరలినయెడల మానిటరునకు వచ్చు గీతల వేగము తప్పి, ఆ కాలపు ఏకవర్ణ మానిటరునకు హాని కలుగవచ్చునని పత్రికలు పదేపదే హెచ్చరించుటయు నిజమే.

ఇట్లు దొడ్డిత్రోవన చిత్రవిధమున ప్రవేశించినపుడు బేసిక్ మాత్రము తానింకను వ్రాతవిధములోనే యున్నట్లు భావించుచుండును. ‘ప్రింట్’ అన్నచో అక్షరమును దాని రూపభేద సూచికను బి000 ఖండములోని తొలి 4000 బైట్లలోనే వ్రాయును. అవి యిపుడు మొదటి యరలోని 44 గీతలకు పైగా నాక్రమించును గనుక, తెర పైసగమున నాలుగేసి గీతల కొకటి చొప్పున అర్థరహితములైన చుక్కలు మొలచును. దోషము సంభవించినచో దోషసందేశమును నీ చుక్కలుగనే కనబడును. నా యభిప్రాయములో, వర్ణ కార్డు లేని యంత్రముపై చిత్రమును రెండవ పుటలో గీసి మొదటి పుటను బేసిక్ వ్రాతకే విడిచిపెట్టుటయే వివేకవంతమైన మార్గము. రెండు పుటలకును గల యుపయోగములలో అనిమేషన్ కన్న నిదియే మొదట చెప్పదగినది.

కదలు బొమ్మల విషయమున రెండు పుటల పద్ధతికి హెర్క్యులిస్ తెరపై నొక విచిత్రమైన యాటంకము కలదు. ఐ.బి.యం. 5151 మానిటరులోని పి39 అను ఫాస్ఫరుపూత సెకనుకు 50 మారులు మాత్రమే తెర తిరిగి గీయబడుచున్నను మినుకు కనబడకుండుటకై వెలుగును చిరకాలము నిలుపుకొనునట్టిది. వ్రాతకోతలకిది యెంతయు హితము. పుట మార్చినపుడు మాత్రము పాతబొమ్మ యొక్క ఆకుపచ్చని ఛాయ క్రొత్తబొమ్మపై కొంతతడవు తారట్లాడుచుండును. వేగముగా కదలు చుక్క వెనుక తోక యేర్పడును. కొందరు తమ ప్రోగ్రాము దోషమని భ్రమపడి దానికై వెదకుట కలదు. మార్పు సమయమున బొమ్మ మధ్యకు తెగకుండుటకై 954వ ద్వారములోని కొన బిట్టును కనిపెట్టి, కిరణము క్రిందినుండి మీదికి మరలు వేళనే పుట తిప్పవలెను. బేసిక్‌లోని ‘వెయిట్’ ఆజ్ఞ ఈ పనికి సరిపోవును గాని, అదే ప్రోగ్రామును ఎం.డి.ఏ. గల యంత్రముపై నడపినచో ఆ బిట్టు మారనే మారదు గనుక ‘వెయిట్’ యనంతముగా వేచియుండి యంత్రమును స్తంభింపజేయును. కార్డు హెర్క్యులిసా కాదా యని కనిపెట్టుటకు పలు ప్రోగ్రాములు వాడిన పరీక్షయు ఇదే బిట్టు కదలికపై నాధారపడినది.

భాషలోనే హెర్క్యులిస్‌కు చోటు దొరకినది మైక్రోసాఫ్ట్ క్విక్‌బేసిక్ నాలుగవ విడతలతో, 1987, 1988 సంవత్సరములలో. ఇందు ‘స్క్రీన్ 3’ అన్నది హెర్క్యులిస్ విధము: 720 చే 348 బిందువులు, 80 చే 25 అక్షరములు, రెండు పుటలు. రెండవ వీడియో కార్డున్నచో ఒక్క పుటయే యని కరదీపిక స్పష్టముగా చెప్పుచున్నది. ‘హాఫ్’, ‘ఫుల్’ స్థితుల పాతభేదమే ఇచ్చట భాషానియమముగా అవతరించినదన్నమాట. రంగుల మార్పునకు గల ‘పాలెట్’ ఆజ్ఞ ఈ విధములో చెల్లదు. ముందుగా ఎం.ఎస్.హెర్క్ వంటి చిన్న ప్రోగ్రామును మెమరీలో నిలుపుకొనకున్నచో ‘స్క్రీన్ 3’ పనిచేయదు. బయాస్ చేయవలసిన ఊడిగమును అదియే చేయుచుండెను. ఇక ‘లైన్’, ‘సర్కిల్’, ‘ప్రింట్’ అన్నియు యథావిధిగా నడచును. క్రియాశీల, దృశ్య పుటలను ‘స్క్రీన్’ ఆజ్ఞతోనే మార్చుకొనవచ్చును. ఒక పుటను మరియొకదానిపై ప్రతిగా దింపుటకు ‘పి-కాపీ’ యుండనే యున్నది. ఈ ‘పి-కాపీ’ ఐ.బి.యం. వారి పి.సి. జూనియర్ యంత్రముతో వచ్చిన కార్ట్రిడ్జ్ బేసిక్ నుండి సంక్రమించినది. ఆ బేసిక్‌లోను ‘స్క్రీన్ 3’ కలదు గాని, అది 160 చే 200 బిందువుల పదునారు రంగుల విధము. అంకె యొకటియే యైనను రెంటికిని బాదరాయణ సంబంధము కూడ లేదు.

రెండవ పుట సి.జి.ఏ. చిరునామాలో నుండుట మరియొక పరిణామమునకు దారితీసినది. సిమ్‌సి.జి.ఏ. వంటి ప్రోగ్రాములు మెమరీలో తిష్ఠవేసి, 6845 రిజిస్టరులను మార్చి, ఆ రెండవ పుటను తెరపై చూపుచు, వర్ణ కార్డు లేకున్నను ఉన్నట్లు నమ్మించెను. వర్ణ కార్డునకై వ్రాసిన ఆటలు, ‘స్క్రీన్ 1’, ‘స్క్రీన్ 2’ కోరు బేసిక్ ప్రోగ్రాములు ఈ మాయతో హెర్క్యులిస్ తెరపై ఆడినవి. నాలుగు రంగులు చుక్కల ఒత్తుపలుచనలుగా మాత్రమే కనబడెడివి. మనదేశమున 1980ల చివరను 1990ల మొదటను కార్యాలయములలోను శిక్షణాలయములలోను విస్తరించిన పి.సి.-ఎక్స్.టి. యంత్రములలో పెక్కింటికి ఏకవర్ణ మానిటరును హెర్క్యులిస్ అనుకరణ కార్డునే యుండుటవలన, ఇట్టి ప్రోగ్రాముల ఫ్లాపీలు చేతులు మారుచుండెను. థాయి లిపికై పుట్టినదని ప్రసిద్ధినొందిన కార్డు తెలుగు లిపికిని పనికివచ్చియుండవలసినది. గుణింతములను క్రిందివత్తులను 9 చే 14 బిందువుల అక్షరపు గడిలో నిముడ్చుట యసాధ్యము గనుక, చిత్రవిధమొక్కటే శరణ్యము. కాని ప్రతి బిందువును చిత్రముగా గీయు తెలుగు, డాస్ వ్రాతవిధమున నడచు డేటాబేసులలోనికి జొరబడలేదు. ఆ కొరతను తీర్చినది ఐ.ఐ.టి. కాన్పూరున పుట్టి సి-డాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డు.

1984లో ఐ.బి.యం. తెచ్చిన ఇ.జి.ఏ. కార్డును ఏకవర్ణ మానిటరుకు తగిలించుకొనువారికై బేసిక్‌లో ‘స్క్రీన్ 10’ ఏర్పడినది: 640 చే 350 బిందువులు, వెలుగుభేదములతో నాలుగు స్థితులు, ఇచ్చట పుటల సంఖ్య కార్డుపైగల మెమరీని బట్టి మారును. 1986లో హెర్క్యులిస్ వారు అక్షరరూపములను మెమరీలోనుంచుకొను ‘ప్లస్’ కార్డును తెచ్చిరి. 1987లో వచ్చిన వి.జి.ఏ. అన్నిటిని వెనుకకు నెట్టెను. అయినను 1991లో ఎం.ఎస్.-డాస్ 5తో వచ్చిన క్యూబేసిక్‌లో ‘స్క్రీన్ 3’ను దాని తోడు ఎం.ఎస్.హెర్క్‌ను నిలిచియే యుండెను. అదే క్యూబేసిక్‌లో 256 రంగుల వి.జి.ఏ. విధమైన ‘స్క్రీన్ 13’కు లభించినది ఒక్క పుట మాత్రమే. పుటలు మార్చుచు కదలుబొమ్మ లాడింపగోరినవారు రంగులను వదలుకొని ఇ.జి.ఏ. విధములైన ‘స్క్రీన్ 7’కో ‘స్క్రీన్ 9’కో మరలవలసివచ్చెను.